అక్క కొట్టేసిన వాక్యం

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు రాసేది. ఫోను చేస్తే మీ యూనిఫారాల షెడ్డులో కుట్టు మిషన్ల హోరు తప్ప నాకేమీ వినపడదు. పైగా ధర్మం గురించి ఏదడిగినా కాగితం మీదే అడగమని ఆజ్ఞ వేసింది నువ్వే. అందుకని ఈ ఉత్తరం.

పని మామూలే. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీస్తున్నాను. చక్రం మీద నీళ్లు కారుతూ ఉంటాయి, అద్దం పొడి తెల్లగా వేళ్లకు పట్టేస్తుంది. యజమాని ఈ మధ్య నాతో మెత్తగా మాట్లాడుతున్నాడు. పాప పోయినప్పటినుంచి అందరూ అంతే. నా ముందు గొంతు తగ్గిస్తారు, నేను పక్కకు వెళ్లగానే మళ్లీ పెంచుతారు.

నువ్వు నేర్పిన ఆ శ్వాస ధ్యానం లేకపోతే నేను ఏమైపోయేవాణ్నో అక్కా. పుట్టకముందే పాప ప్రాణం పోయిందని డాక్టరమ్మ చెప్పిన రోజున వరండాలో బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. లోపలికొచ్చే గాలి, బయటికి పోయే గాలి. ఎవరో వచ్చి ఏదో అడిగారు. నేను కదల్లేదు. ఆ గాలిని పట్టుకునే ఆ రోజు దాటాను.

ఇప్పుడు ఇంకా లోతుకు వెళ్లాలని ఉంది. వెళ్లలేకపోతున్నాను. సాయంత్రం కూర్చుంటే కాసేపటికి మనసు నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో నీ మరదలు మొదలుపెడుతుంది. పెద్దగా ఏడవదు. కొళాయి తిప్పి, గిన్నెలు తోముతూ, ఆ నీళ్ల చప్పుడు కింద ఏడుస్తుంది. నాకు వినపడకూడదని తన తాపత్రయం. నాకు వినపడేది అదొక్కటే. మందుల గోదాములో ప్యాకింగు పనికి కూడా సరిగ్గా వెళ్లడం లేదు.

బుద్ధుడు చెప్పిన మూలపాఠాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ శబ్దాన్ని ఏం చెయ్యాలి? నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నీ మాట మీద నడిచే
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి, అక్క దీవెనలు.

ఇన్నాళ్లకు అడగాల్సింది అడిగావురా. కళ్లు మూసుకుని కూర్చోవడమే ధర్మమనుకునేవాళ్లతో విసిగి వేసారిపోయాను. టైర్ల దుకాణం మీది మా ధ్యానం గదికి ఆదివారం వచ్చేవాళ్లలో సగం మంది ఆ బాపతే. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన కూర్చున్న కాసేపటికే గురక పెడతాడు. ఇదేమిటయ్యా అంటే, "శ్వాస మీదే ఉన్నానమ్మా, మీ అందరికీ వినపడేంత" అంటాడు. వెన్ను నిటారుగా పెడితే చాలా? తలకాయలో ఏముంది? బండరాయి కూడా కదలకుండానే కూర్చుంటుంది. దానికేమైనా జ్ఞానం వచ్చిందా?

పునాది చదవాలి. దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది. అది ఆరిపోవడం ఉంది. ఆర్పుకునే దారి ఉంది. ఈ నాలుగూ వైద్యుడి మాటలురా. జబ్బు ఇది, ఇందువల్ల వచ్చింది, నయమవుతుంది, మందు ఇదీ అని. కారణం దగ్గర గట్టిగా నిలబడు. కారణం తృష్ణ. కావాలి, ఉండాలి, పోకూడదు అనే ఆ పట్టు. పిడికిలి విప్పు. విప్పినవాడికి మండేదేమీ ఉండదు.

తరవాత స్మృతి, అంటే ఎరుక, నిలపాల్సిన నాలుగు చోట్లు: శరీరం, వేదన, మనసు, ధర్మాలు. వాటి పాఠం నా చేత్తో రాసి ఈ కవరులోనే పెట్టాను. అసలు పుస్తకంలో ఇది చాలా పొడుగు. ప్రతి భాగం చివరా ఒకే వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ రోజుల్లో నోటితో నేర్చుకునేవాళ్లు కాబట్టి తిప్పి తిప్పి చెప్పారు. మనకెందుకు? కటింగు బల్ల మీద గుడ్డకు అదనం కత్తిరించినట్టు వాటిని కొట్టేశాను. మా గదిలో అందరికీ ఇచ్చేవి ఈ కాగితాలే. నన్నెవరూ కూర్చోబెట్టి చదివించలేదు, నా అంతట నేనే పుస్తకం పట్టి పోరాడి నేర్చుకున్నాను. నీకా శ్రమ లేకుండా చేశాను.

ఇక శబ్దం సంగతి. శబ్దంతో కొట్లాడకు, పేరు పెట్టు. "శబ్దం, శబ్దం" అనుకో. మొదట్లో పెదవులతో పైకే అను. అది ఎవరిది, ఎందుకు అనే కథలోకి వెళ్లావా, నిన్ను ఈడ్చుకుపోతుంది. పేరు పెట్టు, వదిలెయ్, శ్వాసకు తిరిగి రా.

మరదల్ని అడిగానని చెప్పు. ఆమెకు కూడా ఒక కాపీ ఇయ్యి.

నీ మంచి కోరి గద్దించే
అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ కాగితాలు నలిగిపోయేదాకా చదివాను. భోజనం వేళ అద్దాల గదిలో చదువుతుంటే యజమాని చూసి, పరీక్షలకు కడుతున్నావా అన్నాడు. అవుననే చెప్పాను.

ఎంత తేడా అక్కా. ఇదివరకు నేను కళ్లు మూసుకుని ఏదో చీకట్లో తచ్చాడేవాణ్ని. ఇప్పుడు వేదన వస్తే ఇది వేదన అని, మనసు కుంగితే ఇది కుంగిన మనసు అని తెలుస్తోంది. పుట్టింది పోతుంది, అంతే కదా. ఈ ముక్క పట్టుబడ్డాక గుండెలో బరువు దిగిపోయింది.

శబ్దానికి నువ్వు చెప్పినట్టే పేరు పెడుతున్నాను. చిన్న గదిలోకి మారాను. పాప కోసమని తెల్లరంగు వేయించిన గది అది, ఖాళీగానే పడి ఉంది. తలుపు వేసుకుని కూర్చుంటాను. కొళాయి తిరుగుతుంది, శబ్దం. ఏడుపు వస్తుంది, శబ్దం. మొన్న తలుపు మీద కొట్టినట్టు కూడా అయింది. దానికీ శబ్దమనే పేరు పెట్టాను. మనసు కదిలితే ఒట్టు. లేచేసరికి ఎంతసేపయిందో నాకే తెలియలేదు.

ఇంకొకటి చెప్పాలి, నువ్వు సంతోషిస్తావు. ఆ గది అలమారులో పాప బట్టలుండేవి. నీ మరదలు కడుపుతో ఉన్నప్పుడు కుట్టినవి. అవి కనపడినప్పుడల్లా నా లోపల పట్టు బిగుసుకునేది. నువ్వన్నావు కదా, పిడికిలి విప్పమని. తను పనికి వెళ్లినప్పుడు అన్నీ మూటకట్టి ఆస్పత్రిలో ఇచ్చేసి వచ్చాను. దారిలో ఎంత తేలిగ్గా అనిపించిందో.

తను వచ్చి అలమారు చూసి, ఎవరికిచ్చావని అడిగింది. ఇచ్చినవాడు ఎవరికని తలుచుకోకూడదని చెప్పాను. పుట్టిన ప్రతిదీ పోయేదే అని నీ కాగితంలోది చదివి వినిపించబోయాను. "చదవకు" అంది. అంతే, తరవాత ఏడవలేదు. ఆ రోజునుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. కొళాయి కూడా వినపడడం లేదు. తనకీ కొంత ఎక్కినట్టుంది.

నీ దయవల్ల ఒడ్డున పడ్డ
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి, గుండె నిండిన అక్క దీవెనలు.

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. కాలర్లు కత్తిరిస్తూ మధ్యలో ఆపేసి, కత్తెర చేతిలో పట్టుకునే చదివాను. మా మాస్టరు ఏమిటమ్మా ఏమైనా చెడ్డ కబురా అన్నాడు. కాదయ్యా, మా తమ్ముడు మనిషయ్యాడు అన్నాను.

ఇదిరా సాధన అంటే. ఏళ్ల తరబడి చాపలు అరిగిపోయేలా కూర్చునేవాళ్లున్నారు, దోమ కుడితే లేచిపోతారు. కన్నబిడ్డ పోయిన దుఃఖాన్ని ఎదురుగా పెట్టుకుని నువ్వు నిలబడ్డావు. దానం చేశావు, అదీ ప్రాణంతో సమానమైనదాన్ని. దానంతోనే దారి మొదలవుతుందని ఎన్ని సార్లు అరిచి చెప్పినా మావాళ్లు పాత దుప్పట్లు తెచ్చిస్తారు.

వచ్చే ఆదివారం నీ గురించే చెబుతాను. పేరు చెప్పనులే. ఒక మనిషి ఉన్నాడు, ఇంట్లో చావు జరిగితే తలుపు వేసుకుని కూర్చుని ఒక్క కన్నీటిబొట్టు రాకుండా దాన్ని దాటాడు అని చెబుతాను. మీరంతా సిగ్గుపడండి అని చెబుతాను. ఎవరి చెవికైనా ఎక్కితే ఎక్కుతుంది.

మరదలు నెమ్మదించింది అన్నావు, మంచిది. చల్లదనం పక్కన కూర్చుంటే చల్లదనమే వస్తుంది.

నిన్ను చూసి పొంగిపోతున్న
అక్క

*

అక్కా,

తను వెళ్లిపోయింది.

శనివారం కూర్చుని లేచి తలుపు తీసేసరికి ఇల్లు చీకటిగా ఉంది. ఇంటి తాళంచెవి పొయ్యి పక్కన పెట్టి ఉంది. చీటీ లేదు. చెప్పులు లేవు. వాళ్ల అక్క ఇంటికి వెళ్లి ఉంటుందనుకున్నాను. ఫోను చేస్తే అక్కడికి రాలేదన్నారు. ఇక వాళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

నేను కూర్చుని ఉండగా తలుపు కొట్టింది. అది నాకు తెలుసు. ఏదో పిలిచింది కూడా.

ఇది నాకు పరీక్ష అనుకుని తిరిగి వెళ్లి కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే శ్వాస దొరకడం లేదు. నీ కాగితాలు మళ్లీ మొదటినుంచి చదివాను. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అందులో ఎక్కడుందో కనపడలేదు. త్వరగా రాయి.

తమ్ముడు

*

తమ్ముడికి,

నీ భార్య నా దగ్గర ఉంది. ముందు ఊపిరి పీల్చుకో. తరవాత ఇది చదువు, నిలబడి కాదు, కూర్చుని.

ఆదివారం గది నిండిపోయింది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను, నీకు తెలుసుగా నా గొంతు, కింద టైర్ల వాళ్లు కూడా పని ఆపి వింటారు. ఒక మనిషి ఉన్నాడు అన్నాను. ఇంట్లో చావు జరిగింది అన్నాను. తలుపు వేసుకున్నాడు, ఒక్క బొట్టు రాలలేదు, నిలబడ్డాడు, మీరేం చేస్తున్నారు అని వాళ్లను కడిగేశాను. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట, ఒకామె కొంగు తల మీదికి లాక్కుని కూర్చుని ఉంది. కొత్తవాళ్లెవరో అనుకున్నాను. ఆమె లేచి నిలబడింది. మరదలు.

తను అరవలేదురా. అరిచి ఉంటే నేను దానికి జవాబు చెప్పగలిగేదాన్ని.

"వదినా, ఆయన మీ మాట ఒక్కటే వింటారు, అందుకని వచ్చాను. తలుపు తియ్యమని చెప్పండి" అంది. "నేను ఏడుస్తుంటే లోపలినుంచి శబ్దం, శబ్దం అంటారు. తలుపు కొడితే శబ్దం అన్నారు. పేరు పెట్టి పిలిచాను వదినా, ఎప్పుడూ పిలవనిదాన్ని. దానికీ అదే అన్నారు."

తను ఇంకా చెప్పింది. ఆస్పత్రిలో నర్సు వరండాలోకి వెళ్లి, పాపను చూస్తారా, ఎత్తుకుంటారా అని నిన్ను అడిగిందట. నువ్వు కళ్లు తెరవలేదట. "నేనొక్కదాన్నే ఎత్తుకున్నాను" అంది. "మొహం ఎలా ఉందని ఇప్పటిదాకా అడగలేదు. అడిగినవాళ్లు ఎవరూ లేరు." తరవాత అక్కడే చెప్పుల మధ్య కూర్చుండిపోయింది. గురక కండక్టరు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆదివారాలు వచ్చే జిరాక్సు షాపు ఆవిడ వెళ్లి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నేను వేదిక మీద కొయ్యలా నిలబడ్డాను. ధర్మం చెప్పేదాన్ని.

ఏదో ఒకటి చదివి ఓదార్చాలని నా చెయ్యి అలవాటుగా పుస్తకం మీదికి వెళ్లింది. ఆ గాభరాలో నా కాగితాలు కాకుండా అసలు పుస్తకమే తెరిచాను, వేదనల భాగం. చదువుకుంటూ పోయాను, పైకి, అందరికీ వినపడేలా. చివర నేను కొట్టేసిన వాక్యాలు వచ్చాయి. నోరాపుకోలేక అవీ చదివేశాను. అందులో ఏముందో తెలుసా? నీ లోపల చూడు, బయట చూడు, లోపలా బయటా చూడు అని. నీ ఒంట్లో బాధ ఎలా పుడుతుందో చూసినట్టే పక్కవాడి ఒంట్లో బాధ ఎలా పుడుతోందో చూడమని. ఒక చోట కాదురా, ప్రతి భాగం చివరా అదే. శరీరానికి అదే, వేదనకు అదే, మనసుకు అదే. మర్చిపోతారనే అన్ని సార్లు చెప్పారు. నేను దాన్ని అదనపు గుడ్డ అనుకుని కత్తిరించి పారేశాను. సగం కుట్టిన చొక్కా నీకు తొడిగి, ఎంత బాగుందో చూడండి అని ఊరంతా చాటాను.

ఇంకా విను. నాలుగు సత్యాలకూ నాలుగు పనులున్నాయి. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. వదిలెయ్యాల్సింది తృష్ణను. నేను నిన్ను మొదటిదాని దగ్గర ఆగనివ్వలేదు, మెడపట్టి రెండోదానికి తోసేశాను. నువ్వు తెలుసుకోకుండానే వదిలేశావు. అందులో భార్యనూ కలిపి వదిలేశావు. ఎనిమిదంగాల దారిలో ధ్యానం ఎక్కడుంది? అన్నిటికంటే చివర. మాట, చేత, బతుకు, అవన్నీ దానికంటే ముందు. పిలిచిన మనిషికి పలకనివాడు ఏ దారిలో ఉన్నట్టు?

ఆ బట్టలు. నేను దాన్ని దానమని పొగిడాను. తను కుట్టుకున్నవి, తనను అడగకుండా తీసుకెళ్లావు. అయిదు శీలాల్లో రెండోది ఏమిటి? ఇవ్వనిది తీసుకోవద్దని కాదా? దొంగతనానికి హారతి పట్టినట్టయింది నా పని. ఇది నీకు చెబుతున్నానా, నాకు చెప్పుకుంటున్నానా, నాకే తెలియడం లేదు.

గదిలో అందరి కాగితాలూ వెనక్కి తీసుకున్నాను. ఒక్కొక్కరినీ అడిగి తీసుకున్నాను. వచ్చే ఆదివారంనుంచి నేను మాట్లాడను. పుస్తకం మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, మళ్లీ మళ్లీ వచ్చేవి మళ్లీ మళ్లీ, కండక్టరు చదువుతాడు. నేను కింద కూర్చుని వింటాను.

మరదలు నిన్ను చూస్తానని అనలేదు, చూడనని కూడా అనలేదు. వస్తే రా. చేతిలో కాగితం ఉండకూడదు. పుట్టింది పోతుందనే మాట నీ నోట రాకూడదు. అది నిజమే. కాని తనకు చెప్పాల్సింది నువ్వు కాదు. తను తిడితే విను. మాట్లాడకపోతే అదీ విను. నేను పనికి పోతాను, మీ మధ్య ఉండను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

వచ్చి వెళ్లాను. నీ కోసం షెడ్డు దాకా వచ్చాను కాని గేటు దగ్గరే ఆగిపోయాను. నీ మొహం చూస్తే మాట రాదనిపించింది. అందుకని ఇంటికొచ్చాక రాస్తున్నాను.

రావడానికి ముందు ఆస్పత్రికి వెళ్లాను. ఆ మూట సంగతి అడిగాను. సామాన్ల గదిలో ఒకాయన చాలాసేపు వెతికాడు. అలాంటివి వచ్చినవి వచ్చినట్టే వార్డులకు పోతాయి, ఎవరు తీసుకెళ్లారో మేం రాసిపెట్టుకోం అని చెప్పాడు. నేను కదలకపోతే, బాబూ, ఎవరో ఒక బిడ్డ తొడుక్కునే ఉంటుందిలే అన్నాడు, ఓదార్చాలని. మెట్ల మీద కూర్చుండిపోయాను.

తను మీ పైగదిలో చాపలు చుడుతోంది. నన్ను చూసి ఆగలేదు. నేను గుమ్మంలోనే నిలబడి, బట్టలు దొరకలేదని చెప్పాను. తను ఇంకో చాప చుట్టింది. నా లోపల ఆ పాడు అలవాటు మొదలైంది అక్కా. చాప చప్పుడు, శబ్దం. తన గాజుల చప్పుడు, శబ్దం. నాలుక చివర దాకా వచ్చింది. ఆ నోటితోనే తనను పేరు పెట్టి పిలిచాను. "పాప ఎలా ఉంది?" అని అడిగాను.

చాప కింద పెట్టింది. ఇప్పుడెందుకు అంది. నాకే తెలియదని చెప్పాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగకుండా, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు చెప్పింది. మధ్యలో నేను గోడకు చేరబడి కూలబడ్డాను. నీళ్ల గ్లాసు కూడా ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు. చెప్పడం అయ్యాక చాపలన్నీ మూలకు సర్ది, తను ఇక ఆ ఇంటికి రానంది. జిరాక్సు షాపు ఆవిడ వెనక గది ఇస్తానన్నదట, షాపులో పని కూడా ఉందట. కోపంతో అనలేదు. అందుకే నాకు అర్థమైంది, రాదని. నెలకొకసారి వచ్చి కూర్చోవచ్చా అని అడిగాను. చూద్దాంలే అంది. బస్సు వేళ అయిందని తనే గుర్తుచేసింది.

చిన్నగది తలుపు గడియ విప్పి తీసేశాను. కూర్చోవడం లేదు. కూర్చుంటే శ్వాస దగ్గరికి వెళ్లేలోపే పాప వస్తోంది. దానికి ఏ పేరూ పెట్టడం లేదు. నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. కొళాయి తిప్పలేదు. పక్కింటి వాళ్లకు వినపడే ఉంటుంది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. పాప మొహం ఎలా ఉందో తను ఎవరికీ చెప్పలేదట, వాళ్ల అక్కకూ చెప్పలేదు, ఇన్ని రోజులు నీ ఇంట్లో ఉండి నీకూ చెప్పలేదు. ముందు నేను వినాలని దాచిపెట్టుకుందట. వెళ్లేముందు, "మీ అక్కకు రాయండి, ఆవిడకూ తెలియాలి" అంది.

జుట్టు ఒత్తుగా ఉందట, తడిగా నుదుటికి అంటుకుని. కనుబొమలు ఇంకా సరిగ్గా రాలేదట. కింది పెదవి నాదేనట. వేళ్లకు గోళ్లు కూడా పెరిగాయట. ఎడమ చెవి పైఅంచు మాత్రం లోపలికి మడతపడి ఉందట అక్కా, అచ్చం నీ చెవిలా. నర్సు దాన్ని వేలితో సరిచెయ్యబోతే, వద్దు, అది మా వదినది, అలాగే ఉండనివ్వండి అందట.

ఇట్లు,
పాప తండ్రి